ఏటిగట్టు దిగిన కెమెరా

నేను ఒక కెమెరాను. పుట్టింది సముద్రాలకు అవతల ఏదో కర్మాగారంలో అయినా, నాకు లోకం చూపించింది నరసన్నపేటలో పెళ్లి ఫొటోలు తీసే శాంతారాం. భోజనాల దగ్గర కొట్టుకున్నంత పనిచేసిన వియ్యంకులు కూడా నన్ను చూడగానే భుజాల మీద చేతులు వేసుకునేవారు. నేను క్లిక్కుమన్నాక ఎవరి చెయ్యి వాళ్లు తీసేసుకునేవారు.

చూపు మందగించాక శాంతారాం నన్ను తన శిష్యురాలు హైమావతి చేతిలో పెట్టాడు. ఆమె ఒక దినపత్రికకు ఫొటోలు తీసేది. హైదరాబాదులో ఆ పత్రిక ప్రధాన కార్యాలయంలో పనిచేయాలని ఆమె కల. పెద్ద నగరం, పెద్ద సంఘటనలు, మొదటి పేజీలో తన పేరు. అడిగినప్పుడల్లా పత్రికవాళ్లు "చూద్దాం" అనేవారు. ఎవరూ చూడలేదు.

ఆ వేసవిలో వంశధారలోకి ఇసుక తవ్వే యంత్రాలు దిగాయి. ఒడ్డునున్న పల్లెలో బావులు ఎండిపోయాయి. ఆడవాళ్లు ఏట్లో చెలమలు తవ్వి, కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుకునేవారు. హైమావతి యంత్రాన్నీ చెలమనూ ఒకే ఫొటోలో పట్టింది. అది అచ్చయిన మర్నాడే ఎడిటర్ ఫోన్ చేశాడు.

"హైమా, హైదరాబాద్ వచ్చేయ్. సీనియర్ ఫొటోగ్రాఫర్ పోస్టు. సోమవారం చేరాలి."

"నా స్థానంలో ఇక్కడికి ఎవరొస్తారు సార్?"

"ఆ ఊరికి ఇక ఫొటోగ్రాఫర్ దేనికమ్మా? నీ ఎదుగుదల చూసుకో."

ఆమె ఎగిరి గంతేసింది. ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. ఎదగాలనుకోవడం నేరం కాదు. ఇంకా ఎవరికీ చెప్పకుండానే, ఆ సాయంత్రం నన్ను తీసుకుని ఏటికి వెళ్లింది. చెలమ దగ్గర ఆ పల్లె మనిషి పైడమ్మ కూర్చుని ఉంది.

"పిన్నీ, నాను హైదరాబాద్ ఎల్లిపోతన్నాను."

"ఎల్లమ్మా, ఎల్లు. మా తవ్వుకోడం ఎప్పుడూ ఉన్నదే. నీ బతుకెందుకు ఆపుకుంతావు?" అంది పైడమ్మ, చిప్ప ముంచుతూనే.

ఇంతలో లారీ దిగి ఇసుక కాంట్రాక్టరు మనిషి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏటి మేడం, హైదరాబాద్ ఎల్తన్నారంట గదా? మంచిది. మావోలు మాటిస్తే మాటే!"

హైమావతి చేతులు బిగుసుకోవడం నాకు తెలిసింది. కన్నతల్లికి కూడా చెప్పని కబురు వీడికెలా చేరింది? ఆమె మరుక్షణం నన్ను ఎత్తి లారీనీ, యంత్రాన్నీ, వాడి నవ్వునూ వరసగా తీసింది. నవ్వు పోయింది. వాడు నన్ను లాగి రాళ్ల మీదకు విసిరాడు. నా లెన్సు పగిలింది, షట్టరు బిగుసుకుపోయింది. లోపల దాచుకున్న ఫొటోలను మాత్రం నేను వదల్లేదు. పైడమ్మ, మిగతా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చుట్టుముట్టేసరికి వాడు లారీ ఎక్కాడు.

ఆమె గట్టు మీద నుంచే ఎడిటర్‌కు ఫోన్ చేసింది.

"నేను రావడం లేదు సార్. ఉద్యోగం కూడా మానేస్తున్నాను."

"పిచ్చా నీకు? ఇలాంటి అవకాశం మళ్లీ రాదు!"

"నాకు వెళ్లాలనిపించిన రోజు నా కాళ్లతో నేనే వస్తాను. ఒకరు తోసేస్తే మాత్రం రాను."

ఆ వారం సంతలో, ఉల్లిపాయల దుకాణం పక్కన, తాడు కట్టి ఆ ఫొటోలు పెద్దవిగా వేలాడదీసింది. బేరాలు ఆపి జనం చూశారు. తరువాత మరో పత్రిక వేసింది. అధికారుల జీపులొచ్చాయి, యంత్రాలు గట్టెక్కాయి. మళ్లీ దిగవని నేను పూచీ పడను. దిగితే ఆమె కూడా దిగుతుంది.

ఇప్పుడు హైమావతి సొంత స్టూడియో నడుపుతోంది. కొత్త కెమెరా కొనుక్కుంది. నేను అద్దాల బీరువాలో, సొట్ట కనబడేట్టుగా కూర్చున్నాను. మొన్న పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన జాలిపడ్డాడు.

"అప్పుడే హైదరాబాద్ ఎల్లుంటే ఏ స్థాయిలో ఉండేదానివమ్మా!"

"గెడ్డం కొంచెం పైకెత్తండి బాబూ," అంది హైమావతి. "ఆఁ, అలాగే. కదలకండి."