నాలుగు లెక్కపెట్టేలోగా

పండరీ బట్టల బజారులో మల్లేశ్వరరావు ప్రతి గుడ్డనీ రెండుసార్లు కొలిచి గానీ కత్తెర పెట్టడు. ఒకసారి మీటరు బద్దతో కొలుస్తాడు, కొలిచిన చోట వేలితో నొక్కి పట్టుకుంటాడు, మళ్ళీ మొదటికొచ్చి కొలుస్తాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో కౌంటరు ముందు జనం ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తున్నా సరే. గల్లాపెట్టె దగ్గర్నుంచి సేఠ్ "అరే మల్లేశ్, ఏక్ బార్ నాప్ కే కాట్ దే నా భాయ్" అని, ఒక్కసారి కొలిచి కోసెయ్యమని మొత్తుకుంటాడు. మల్లేశ్వరరావు బుద్ధిగా తలూపుతాడు, రెండోసారి కొలుస్తాడు, అప్పుడు కోస్తాడు. పదహారేళ్ళ నౌకరీలో ఒక్క గుడ్డ తప్పు కోసింది లేదు. అయినా తన అంచనా మీద తనకి నమ్మకం లేదు.

మధ్యాహ్నం భోజనానికి సైకిలు మీద రైల్వే కాలనీ వెనకున్న ఇంటికొస్తాడు. ఇంటి ఎదురుగానే ఫుట్‌బాల్ గ్రౌండు. ఎర్ర మొరం నేల, పాత బాయిలరు గొట్టాలతో చేసిన గోలు స్తంభాలు. ఒక పక్క గోలు ముందు, నీళ్ళ ట్యాంకంత ఎత్తున, ఆకాశంలో ఒక బంతి ఆగి ఉంటుంది. 1977 నుంచీ అక్కడే ఉంది. అతని భార్య సుభద్ర దాని నీడ చూసే ఎసట్లో బియ్యం పోస్తుంది. నీడ పెనాల్టీ గీత దాటిందంటే ఒంటిగంట, ఆయనొచ్చే వేళ. బంతి మీద కాకులు వాలుతుంటాయి. వానాకాలంలో తడిసి బరువెక్కి నాలుగడుగులు కిందికి జారుతుంది, ఎండలు రాగానే మళ్ళీ పైకి పోతుంది. కాలనీలో దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ట్యాంకు గురించి మాత్రం ఎవరు మాట్లాడుకుంటారు? మల్లేశ్వరరావు ఒక్కడే గ్రౌండు పక్కగా వచ్చేటప్పుడు తలెత్తడు. ఆ బంతిని కొట్టింది అతనే.

ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడు బిలాస్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ దాకా అతని ఆట చూడ్డానికే జనం టిక్కెట్లు కొనేవారు. మైదానం మధ్యలో ఆడేవాడు. వెనకనుంచి వచ్చిన బంతిని ముందున్నవాడికి అందించడం పని. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాలకెత్తుకుంటారు, అందించినవాడు చెమట తుడుచుకుంటాడు. దానికి అతనికి బాధ లేదు. అతనికున్న విద్య వేరు. అందరూ మనిషికి బంతినిస్తే అతను మనిషి రాబోయే చోటుకిచ్చేవాడు. అదీ తల వంచుకుని, చూడకుండా.

ఆ చోటుకి వచ్చేవాడు అమ్మిరాజు. ఇద్దరి తండ్రులూ బొబ్బిలి వైపునుంచి రైలు పట్టాల పనికి, గ్యాంగుమన్‌లుగా, ఒకే ఏడు ఇక్కడికి వచ్చారు. ఇద్దరూ ఒకే వీధిలో, ఒకరింట్లో చద్దన్నం ఒకరు తిని పెరిగారు. పన్నెండేళ్ళ వయసులోనే ఒప్పందం చేసుకున్నారు. మల్లేశ్వరరావు కాలికి బంతి తగిలిన చప్పుడు వినగానే అమ్మిరాజు పరిగెత్తాలి, నాలుగు లెక్కపెట్టేలోగా పెనాల్టీ గీత మీద కుడి మూలకి చేరాలి. బంతి అక్కడ అతని కుడికాలి దగ్గర దిగుతుంది. పదేళ్ళలో ఒక్కసారి కూడా అటుగాని ఇటుగాని అవలేదు.

1977 జూలైలో కాలనీ టీముకీ ధర్సీవా దారిలో ఉన్న ఒక ఇనప మిల్లు టీముకీ ఫైనలు పడింది. పొద్దుటినుంచీ ముసురు. ఆ రోజు కలకత్తా నుంచి ఒక క్లబ్బు మనిషి గొడుగేసుకుని వచ్చి కూర్చున్నాడు, మల్లేశ్వరరావు కోసమే. నచ్చితే జీతమిచ్చి తీసుకుపోతాడు. ఆడటమే ఉద్యోగం, ఇంక రైల్వేలో ఈ ఖలాసీ కూలిపని అక్కర్లేదు. మిల్లు ఒక గోలు ముందుంది. ఆఖరి నిమిషంలో మల్లేశ్వరరావుకి బంతి దొరికింది. తల వంచి, కుడి మూలకి కొట్టాడు. కొట్టీ కొట్టగానే మిల్లువాడొకడు వచ్చి గుద్దేశాడు. బురదలో బోర్లా పడి, కళ్ళు తుడుచుకుని లేచేసరికి బంతి ఆకాశంలో ఆగిపోయి ఉంది. గ్రౌండంతా మెడలెత్తి దాన్నే చూస్తోంది.

రెఫరీ భీమారావు గూడ్సు బండి గార్డు. పద్ధతి మనిషి. టైమైపోయాక విజిల్ నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బంతి ఆటలో ఉండగా ఆట ముగిసిందని ఎలా ఊదుతాడు? చీకటి పడేదాకా చూసి అందరూ ఇళ్ళకి పోయారు. "బంతి ఇంకా గాలిలో ఉన్నది. ఆఖరి విజిల్ ఊదలేదు" అని భీమారావు రిపోర్టు రాశాడు. టోర్నమెంటు కమిటీ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి కప్పు మిల్లుకిచ్చేసింది. కలకత్తా మనిషి రాత్రి మెయిలెక్కి వెళ్ళిపోయాడు. మల్లేశ్వరరావు డబ్బు తిని బంతిని ఆకాశానికి అప్పగించాడని కొందరన్నారు, కాలు చెడిందని కొందరన్నారు. టీములోంచి పేరు పోయింది. ఆట మీద వచ్చిన ఆ తాత్కాలిక ఖలాసీ ఉద్యోగం, గడువు తీరాక మళ్ళీ రాలేదు.

ఆ వారమంతా అమ్మిరాజు అతని పక్కనే ఉన్నాడు. మంచం మీద కూర్చుని వీపు నిమిరాడు.

"నేను పరిగెత్తేనురా. మూడు లెక్కెట్టేసరికే మూలకి సేరిపోయేను. బంతి పొడుగైపోయింది. దానికి ఎక్కడ దిగాలో నువ్వు సెప్పలేదు గావాల, అదేం సేస్తాది పాపం?"

"నేను సరిగ్గానే కొట్టేననుకున్నాన్రా."

"ఒక్కోసారి అలగే అయిపోతాది. నీ తప్పేం లేదులే."

నీ తప్పేం లేదులే అన్న ఆ మాటతోనే తప్పు మల్లేశ్వరరావు మెడకి చుట్టుకుంది. తరవాత ఆ మూలన గోల్‌కీపర్లు నిలబడ్డారు, పశువులు నిలబడ్డాయి, మల్లేశ్వరరావు నాన్న కూడా వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. బంతి కదల్లేదు. ఆ చోటుకిచ్చిన బంతి కాదని, గురి తప్పిందని, దాంతో అందరికీ ఖాయమైపోయింది. జనం ఏమన్నా మల్లేశ్వరరావు పట్టించుకునేవాడు కాదు. తను ఇచ్చింది ఒప్పా, తప్పా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలనుకునేవాడు. తప్పనే తేలింది కాబట్టి ఇంక దేన్నైనా రెండుసార్లు కొలవడం మొదలుపెట్టాడు.

నెల తిరక్కుండా మిల్లులో అమ్మిరాజుకి గుమాస్తా ఉద్యోగమొచ్చింది. మంచి ఆటగాడు, ఎవరైనా తీసుకుంటారని కాలనీ అనుకుంది. "ముందు నేనెళ్తాను, ఎనకాల నిన్ను లాక్కుంతాను" అన్నాడు. మల్లేశ్వరరావు మూడేళ్ళు ఎదురుచూశాడు. ఆఖరికి అమ్మిరాజే పండరీ సేఠ్‌కి చెప్పి బట్టల కొట్లో పెట్టించాడు. దానికే మల్లేశ్వరరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఊరి చివర మోవాలో ఇల్లు కట్టుకున్నాక కూడా అమ్మిరాజు ప్రతి నెలా మొదటి ఆదివారం జిలేబీ పొట్లంతో వచ్చేవాడు. గ్రౌండుకి అడ్డంపడి వస్తే నాలుగు అంగలు. కానీ క్వార్టర్ల వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చేవాడు.

"ఆ గ్రౌండు సూస్తే నీ కష్టమే గుర్తొస్తాదమ్మా సెల్లీ, మనసొప్పదు" అనేవాడు సుభద్రతో.

"ఇలాటి నేస్తం ఎవరికుంతాడు?" అని సుభద్ర ఇంకో గ్లాసు టీ పోసేది. పాపం, ఆమెకేం తెలుసు.

1996 ఏప్రిల్ ఆఖరి రోజున భీమారావు రిటైరయ్యాడు. స్టేషన్ నుంచి దండలతో, బ్యాండుతో ఊరేగించి తీసుకొచ్చి గ్రౌండులో షామియానా కింద భోజనాలు పెట్టారు. భోంచేసినవాళ్ళు చేతులు కడుక్కునే నీళ్ళ డ్రమ్ముని వంటవాళ్ళు నీడలో పెడుతుంటే భీమారావు మెడలో దండతోనే వెళ్ళి దగ్గరుండి మార్పించాడు. గోలు ముందు, పెనాల్టీ గీత మీద, కుడి మూలకి.

"ఎండలో పెట్టించేరేటి మావయ్యా? నీళ్ళు కాగిపోవా?" అంది సుభద్ర.

"కాగితే కాగనీయమ్మా. ఉద్యోగంలో అన్ని బళ్ళూ గమ్యం సేర్చేను. ఒక్క ఆట మిగిలిపోనాది."

రెఫరీ చూసింది రాయాలి గానీ అనుకున్నది రాయకూడదు. అందుకని ఆయన రిపోర్టులో రాయనిది ఒకటుంది. ఆ ముసురు రోజున అందరూ పైకి చూస్తున్నప్పుడు ఆయన ఒకసారి కిందికి చూశాడు. గ్రౌండంతా అడుగులతో కుమ్మేసి ఉంటే ఆ మూలన బురద మాత్రం అలికినట్టు నున్నగా ఉంది. ఎవరూ రాని చోటని తెలుస్తోంది, ఎవరు రావాలో అప్పటికి తెలీదు. తరవాత అమ్మిరాజు గ్రౌండు తప్పించి చుట్టు తిరిగి పోతుంటే చూసి అనుమానపడ్డాడు. పంతొమ్మిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని, కార్డు పట్టుకుని తనే మోవా వెళ్ళి అమ్మిరాజుని పిలిచాడు. గార్డుగారంతటివాడు గుమ్మంలోకొచ్చి పిలిస్తే కాదనడం కుదరలేదు.

అమ్మిరాజు ఇస్త్రీ తెల్లబట్టల్లో వచ్చి, గోలుకి వీపు పెట్టి కూర్చున్నాడు. పులిహోర, గుత్తొంకాయ, బూరెలు. బూరెలో నెయ్యి వేయించుకుని మూడు తిన్నాడు. తృప్తిగా తిన్న మనిషికి ఒళ్ళు తెలీదు. పక్కవాడితో మిల్లు కబుర్లు చెబుతూ, నేతి చెయ్యి ఎత్తిపట్టుకుని, అందరూ వెళ్తున్నవైపే నడిచాడు. డ్రమ్ము దగ్గరికెళ్ళి చెంబు ముంచాడు.

షామియానా అంచున కూర్చుని ఇంకా తింటున్న మల్లేశ్వరరావు విస్తరి మీద ఏదో నీడ కదిలింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి తలెత్తాడు. బంతి బయల్దేరింది. అప్పుడు ఏ వంపు తిరగాలని పంపాడో ఆ వంపే తిరిగి, గాలికి చెక్కుచెదరకుండా వస్తోంది. అతని పెదవులు వాటంతటవే లెక్కపెట్టాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగనేసరికి బంతి అమ్మిరాజు కుడికాలి బూటుని ఆనుకుని దిగింది. తోలు బీటలు వారింది గానీ కుట్టు విడలేదు. దానికంటిన ఆనాటి బురద తెల్లప్యాంటు మీద చిందింది.

బ్యాండువాళ్ళు ఆపేశారు. భీమారావు కోటు జేబులోంచి విజిల్ తీశాడు, ఊదలేదు.

"ఆట ఇంకా ఉన్నాది అమ్మిరాజూ. గోలు ఖాళీగా ఉన్నాది. కొట్టు."

అమ్మిరాజు గోలు వైపు చూశాడు, బంతి వైపు చూశాడు. చెంబులో నీళ్ళు వొలికిపోతున్నా తెలీలేదు. కాలు మాత్రం లేవలేదు.

మల్లేశ్వరరావు ఎంగిలి చేత్తోనే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పొడుగైపోయిందన్నావు గదరా."

"మల్లేసూ..."

"నువ్వు రాలేదు."

"మిల్లోళ్ళు పర్మినెంటు ఉద్యోగం ఇస్తామన్నారురా. ఇంట్లో అయ్యకి ఒంట్లో బాగునేదు. నిల్సున్నాను, అంతే. నేనేం సేసేనని? నిల్సున్నాను."

"ఉద్యోగం కావాలని నాతో సెప్పుంటే నేనే ఆ బంతి బైటికి కొట్టేసి ఉందును. నీకంటే ఎక్కువేట్రా నాకు కప్పు?" మల్లేశ్వరరావు బూటు పక్కనున్న బంతిని చూపించాడు. "పంతొమ్మిదేళ్ళు నా కాలిని నేను తిట్టుకున్నాన్రా. నా పక్కన కూకుని, నా ఇంట్లో టీ తాగుతూ, ఇన్నేళ్ళూ ఇన్నావు."

అమ్మిరాజు చెంబు డ్రమ్ము మీద పెట్టి, కడగని చేత్తోనే గేటు వైపు నడిచాడు. ఈసారి చుట్టు తిరిగి పోలేదు, గ్రౌండు మధ్యలోంచే పోయాడు. ఎవరూ ఆపలేదు. అతను గేటు దాటాక భీమారావు గడియారం చూసుకుని ఆఖరి విజిల్ ఊదాడు. ఒకటి–సున్నా, మిల్లు గెలిచింది. ఆ మాట ఆయన ఖాయపరిచి దండ తీసి కుర్చీకి తగిలించాడు.

మల్లేశ్వరరావుకి సంతోషం కలగాలి. కలగలేదు. తను ఇచ్చింది ఒప్పని తెలిసింది, ఎవరికిచ్చాడో కూడా తెలిసింది. రెండోది తెలియకపోయినా బాగుండుననిపించింది. డ్రమ్ము దగ్గర చెయ్యి కడుక్కుని ఇంటికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సుభద్ర పక్కన కూర్చుంది. మర్నాడు పొద్దున్నే, అమ్మిరాజు తెచ్చినవాటిలో మిగిలిన జిలేబీల డబ్బా తీసి పక్కింటి మేకకి పెట్టేసింది. వేళ తెలియడానికి గడియారం కూడా కొనాలంది.

ఆ పూట కొట్లో ధర్సీవా నుంచొచ్చిన ఒక ముసలమ్మ మనవరాలి గౌనుకి రెండున్నర మీటర్లు పువ్వుల గుడ్డ అడిగింది. మల్లేశ్వరరావు గుడ్డ తానుని దొర్లించాడు. మీటరు బద్ద కౌంటరు మీదే ఉంది. దాన్ని పక్కకి జరిపి, తల వంచి, గుడ్డని చేతుల మీదుగా జార్చుకుని, ఒకచోట ఆపి కత్తెర పెట్టేశాడు.

సేఠ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చాడు. "అరే, నాపా భీ నహీ?" అని, కొలవకుండానే కోసేశాడని కంగారుపడి, తనే బద్ద తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. రెండున్నర, ఒక్క పోగు ఎక్కువా లేదు, తక్కువా లేదు. తలెత్తి ఏదో అడగబోయేసరికి మల్లేశ్వరరావు గుడ్డ మడిచి ముసలమ్మకిచ్చేసి, తరవాతి వాళ్ళకి ఏం కావాలో అడుగుతున్నాడు.