గుడ్లు పెట్టడం ఆగిన తర్వాత

“పొద్దున్నే ఇంట్లో బియ్యంలో పురుగులు ఏరుతావు, తర్వాత ల్యాబుకెళ్ళి అక్కడా పురుగులే ఏరుతావు. రెంటికీ తేడా ఏముందే, పురుగులమ్మా?” పేపరు చాటు నుంచి అన్నాడు భర్త.

తేడా ఎందుకు లేదు? ఇక్కడ ఏరేది పారేయడానికి, అక్కడ ఏరేది బతికించడానికి. పైగా అక్కడ జీతమిస్తారు. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి, ఆయన తాగేసిన కాఫీ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఆయన రిటైరైన దగ్గర్నుంచి ఆ గ్లాసు కూడా పెట్టిన చోటు నుంచి కదలడం మానేసింది.

“వచ్చే నెల నుంచి ఎలాగూ మానేస్తున్నావుగా, ఆదివారం పూట వెళ్ళకపోతే ఏం కొంపలు మునుగుతాయి?”

మానేస్తున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు. కూతురికి నెలలు నిండుతున్నాయి. దాని సెలవు అయిపోగానే బిడ్డను అమ్మమ్మ చూసుకుంటుందని అందరూ అనేసుకున్నారు, అమ్మమ్మను తప్ప అందరినీ అడిగి. కూతురు పుట్టినప్పుడూ ఇదే వరస. “పిల్లకంటే ఎక్కువా నీ పురుగులు?” అని అత్తగారు ఒక్క ముక్క అన్నారు, ఉద్యోగం పోయింది. పిల్ల కాలేజీకి వెళ్ళాక మళ్ళీ వచ్చి చేరేసరికి, ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళనే మేడమ్ అని పిలవాల్సి వచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు వాళ్ళలో ఒకరైన మేడమే, “కొత్త ప్రయోగం మూడేళ్ళు మీరే నడపాలి. సోమవారానికల్లా అవుననో కాదనో చెప్పండి” అంది.

ల్యాబు ఖాళీగా ఉంది. చిన్న చిన్న మూతపళ్ళేల్లో జెల్లీ, దాని మీద పల్చగా మేతకు సూక్ష్మజీవులు, ఆ మేతలో పురుగులు. నువ్వుగింజలో సగం పొడవుండవు. ఒళ్ళు గాజంత తేట కాబట్టి కడుపులో గుడ్లు పైకే కనబడతాయి. మొగుడితో కూడా పెద్దగా పనిలేదు వాటికి, ఆ పనీ తామే చేసుకుంటాయి. గుడ్లు పెట్టినన్నాళ్ళూ తల్లుల్ని రోజూ సన్నటి తీగతో ఎత్తి కొత్త పళ్ళెంలోకి మార్చాలి. మార్చకపోతే నాలుగు రోజులు తిరిగేసరికి పిల్లలు తల్లంత అవుతాయి. ఇక ఏది తల్లో ఏది పిల్లో చెప్పడం బ్రహ్మతరం కాదు, తల్లి ఎన్నాళ్ళు బతికిందో తేలదు. అందుకే ఆమెకు ఆదివారాల్లేవు.

మైక్రోస్కోపు మీదికి వంగింది. మొదటి పళ్ళెంలో మామూలు పురుగులు. గుడ్లు అయిపోయాక నడక మందగించి, ఒళ్ళు నలిగి, ఒక్కొక్కటే పోయాయి. రెండో పళ్ళెంలోవీ వాటితోపాటే పుట్టాయి. ఒంట్లో తిండి అందిందన్న కబురు మోసే జన్యువు ఒక్కటి మాత్రం వీటిలో మారింది. అలాంటిదే మనుషుల్లోనూ ఉంది. అంతమాత్రానికే ఇవి ఇంకా బతికున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఒళ్ళు ఝల్లుమంటుంది. ముసలితనం రాయి మీద గీత అనుకుని తలొంచుకున్నాం, ఇంత పిసరు ప్రాణి ఆ గీతను జరిపి చూపిస్తోందే! ఇది చూడ్డానికి తనకు కళ్ళిచ్చిన పుణ్యం ఎవరిదో అనుకుంది.

“అమ్మా, అయిందా? ఉయ్యాల కొనాలి, కొట్టు మూసేస్తారు.” కూతురు గుమ్మంలో ఆయాసపడుతోంది.

“ఇలా రా, ఒకటి చూపిస్తా.”

కడుపు బల్లకు తగలకుండా పక్కకు తిరిగి, కూతురు కన్ను ఆనించింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. “పాపం, అన్నీ పోయాయి కదమ్మా.” తల్లి పళ్ళెం మార్చింది. “ఇదీ పోయినట్టే ఉంది.”

ఆమె తీగ కొసతో ఆ పురుగు తలను మెల్లగా తాకింది. అది ఉలిక్కిపడి, ఒళ్ళు వంకీలు తిప్పుకుంటూ మేత మీద బిరబిరా సాగిపోయింది. కూతురు కన్ను తీయకుండానే అడిగింది.

“ఇవీ అవీ ఒకే రోజు పుట్టాయా?”

“ఒకే పూట.”

“మరి దీని గుడ్లు?”

“ఎప్పుడో అయిపోయాయి.”

“గుడ్లు అయిపోయాక ఇంకెందుకమ్మా ఇది బతికుంది?”

కూతురు వెటకారంగా అడగలేదు. నిజంగానే విస్తుపోయి అడిగింది. ఆ అడగడం విని తల్లికి కళ్ళు చెమర్చాయి.

“నాకూ తెలీదు తల్లీ. తెలుసుకోవాలనుంది. అందుకే మానట్లేదు. రేపు మేడమ్‌తో ఒప్పుకుంటున్నా.”

కూతురు తల పైకెత్తింది. “మరి నా బిడ్డనెవరు చూస్తారు?”

“మీ నాన్న ఖాళీయేగా.”

“నాన్నా! నాన్నకేం తెలుసమ్మా పిల్లల్ని పెంచడం?”

“నాకు మాత్రం పుట్టుకతో తెలుసా? నీ మీదే నేర్చుకున్నాను.”