బొటనవేలు ఇచ్చిన వాంగ్మూలం

డబ్బా మూతలు కొట్టే ఆ కార్ఖానాలో పొద్దున్నే మొదటి పని యంత్రాలకు నూనె పెట్టడం, రెండోది తెగిన వేళ్లకు ఎండ చూపించడం. మేస్త్రి రేకు డబ్బా మూత తీసి కిటికీలో పెట్టగానే ఏడు వేళ్లూ ఒళ్లు విరుచుకునేవి. ఎవరి వేలిని వాళ్లు పలకరించి పనిలో దిగేవాళ్లు. పని జోరు పెరగాలని ఓనరు ప్రెస్సులకున్న రక్షణ జాలీలు పీకించిన దగ్గర్నుంచీ డబ్బాలో జనాభా పెరుగుతూ వచ్చింది. పెరిగింది జోరు కాదు, అదే.

ఎనిమిదోది పెద్దకోడలి కుడి బొటనవేలు. ఒకే ఇంటి కోడళ్లిద్దరూ అక్కడే పనిచేసేవాళ్లు. వేలు తెగి పెద్దామె ఇంట్లో పడుకున్న మూడు రోజుల్లో ఓనరు అదే ప్రెస్సు మీద చిన్నామెను కూర్చోబెట్టాడు. ఆ సంగతి తెలిసి పెద్దామెకు కడుపు మండిపోయింది. నాలుగోనాడు లేచి, లేబరాఫీసులో ఫిర్యాదు చేసి, కట్టు కట్టిన చేత్తో తిన్నగా కార్ఖానాకొచ్చింది.

ఓనరు ఒక కాగితం ముందు పెట్టాడు. జాలీ నేనే ఊడదీశాను, తప్పంతా నాదే అని ఆమె చెప్పినట్టు రాసి ఉంది.

"ముద్ర వెయ్యి. మధ్యాహ్నం ఆఫీసరమ్మ వచ్చేలోపు అయిపోవాలి."

"తీయించింది మీరు. మళ్లీ పెట్టించాల్సిందీ మీరే. అందాకా మా చిన్నదాన్ని ఆ ప్రెస్సు మీద కూర్చోనివ్వను."

"నాకే చట్టం చెప్తావా?" అంటూ చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె బోర్లా పడింది. మేస్త్రి వీపు మీద మోకాలు పెట్టి కట్టున్న చేతిని మెలిపెట్టాడు. గుడ్డంతా ఎర్రబడింది. ఎడమచెయ్యి మిగిలింది కదా, దాన్ని లాగబోతే పిడికిలి బిగించింది. ఇనపరాడ్డుతో ఆ పిడికిలి మీద మోదాడు. ఎముక విరిగింది గానీ పిడికిలి విడలేదు.

"అక్కా, వేసెయ్యక్కా! చంపేస్తారు!" చిన్నకోడలు గోల పెట్టింది.

"నువ్వు నోర్మూసుకోవే. నీ చేతుల కోసమే కదా ఇదంతా."

"దీంతో తగువెందుకు? డబ్బాలోది పట్రా" అన్నాడు ఓనరు.

బొటనవేలు మిగతావాటి వెనక నక్కింది. ఏడు వేళ్లూ మేస్త్రి చెయ్యంతా రక్తాలొచ్చేలా గీరాయి. అతను బూతులు తిడుతూ దాన్ని బయటికి లాగి, బల్ల మీద పెట్టి సుత్తితో కొట్టాడు. గోరు రెండుగా చీలింది. నేల మీద పెద్దకోడలు కెవ్వుమంది. వేలిని సిరాలో ముంచి కాగితం మీద ఒత్తారు.

మధ్యాహ్నం ఆఫీసరమ్మ వచ్చింది. కాగితం చూసింది, నేల మీది రక్తమూ చూసింది.

"తెగిన వేలి ముద్రా చెల్లుతుంది, కాదనను. అయితే ఇష్టపడి వేసిందో లేదో దాన్నే అడగాలి."

"వేలు మాట్లాడుతుందా మేడమ్?" ఓనరు నవ్వబోయాడు.

"మాట్లాడక్కర్లేదు."

ఆవిడ దాన్ని తీసి కాగితం మీద పెట్టింది. చాలాసేపు అది కదల్లేదు. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు అది మెల్లగా మొదటి వరుస మీదికి పాకింది. చీలిన గోటిలోంచి కారే రక్తంతో ఆ చివర నుంచి ఈ చివరదాకా అడ్డంగా కొట్టేసింది. తర్వాత రెండో వరుస. యంత్రాలు ఆపేసి అందరూ చుట్టూ చేరారు. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అయిదో వరుస, ఆరో వరుస. తన ముద్ర దాకా వచ్చి, దాన్నీ కొట్టేసి, అక్కడే ఒరిగిపోయింది. ఆ కార్ఖానాలో చచ్చిపోయిన మొదటి వేలు అదే.

ఆఫీసరమ్మ ప్రెస్సుకు సీలు వేసి, పోలీసులకు కబురు పెట్టింది. పెద్దకోడలు సొంతమనిషి పోయినట్టు వలవలా ఏడ్చింది. చిన్నకోడలు పది వేళ్లతో ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని లేవదీసింది.