ప్రమాదం జరగని మూడు వందల రోజులు

నాంచారమ్మ పాదం మీద సున్నపురాయి బండ పడటం నేను చూశాను. ఆమె ఇంటి దగ్గర జారిపడిందని కంపెనీ పుస్తకంలో రాసిందీ నేనే. కార్మికులూ, విద్యార్థులూ, ఈ కథ చెప్పి మిమ్మల్ని క్షమాపణ అడగటం లేదు. ఆ అబద్ధం నా చేత ఎవరూ కర్ర పట్టుకుని రాయించలేదు. ఎలా రాశానో మీరు తెలుసుకోవాలి.

1986లో గురజాలకూ మాచర్లకూ మధ్య ఒక సిమెంటు కంపెనీ గనిలో నేను నర్సును. ఆ ఏడు కంపెనీ ఒక పోటీ పెట్టింది. మూడు వందల రోజులు ఏ కూలీల ముఠాలో ఒక్క ప్రమాదమూ నమోదు కాదో ఆ ముఠా మొత్తాన్నీ పర్మనెంటు చేస్తారు. ఒక్కరి గాయం పుస్తకానికెక్కినా అందరికీ అవకాశం పోతుంది. మేనేజరు గోపాలకృష్ణయ్య దీనికి భద్రతా పథకమని పేరు పెట్టారు. బండలు జారే అంచున ఒక్క అడ్డు కట్టించలేదు. ఒక్కరి కాళ్లకైనా బూట్లు ఇప్పించలేదు.

అంతకుముందు ముఠా కట్టుబాటు వేరు. ఎవరికి దెబ్బ తగిలినా అందరూ గునపాలు కింద పెట్టేవారు. ఆ మనిషిని వైద్యానికి చేర్చాకే మళ్లీ పని. పోటీ మొదలయ్యాక గునపాలు ఆగలేదు. వేళ్లు నలిగినవాళ్లు గుడ్డ చుట్టుకుని, చేయి వెనక్కి దాచుకుని నా గది ముందు నుంచే నడిచిపోయేవారు. ఒకడు మూలిగితే పక్కవాడు కసిరేవాడు.

నాంచారమ్మకు దెబ్బ తగిలింది రెండు వందల ఎనభై ఎనిమిదో రోజున, నా గది గుమ్మంలోంచి కనపడేంత దూరంలో. మేస్త్రీ పుల్లయ్యా, ఆమె తోడికోడలు వెంకమ్మా ఆమెను గోనెపట్టాలో మోసుకొచ్చి తలుపు మూశారు. ఎముకలు నుగ్గయ్యాయనీ, ఈ రోజే గుంటూరు పెద్దాసుపత్రికి పంపాలనీ చెప్పాను. గనిలో తగిలిన దెబ్బ అని రాస్తేనే కంపెనీ పంపుతుంది.

"రాయబాకమ్మా," అంది వెంకమ్మ. "ఇంకెంత, పన్నెండు రోజులు. ఇరవైరెండు కొంపలు. ఇంటికాడ జారిపడ్డదని రాయి."

"పాదం పోతుంది."

"దానికి పాదం పోద్ది. మాకు బతుకే పోద్ది." ఆమె తోడికోడలి వైపు తిరిగింది. "ఏమే, నువ్వే చెప్పు. నీ మూలాన అందరం మట్టిగొట్టుకుపోవాల్నా?"

"జారిపడ్డాలే అక్కా," అంది నాంచారమ్మ.

నేను రాశాను. పుస్తకం ఖాళీగా ఉంటే కాలనీ ఆసుపత్రిలో మంచి ఉద్యోగమని మేనేజరు నాకు మాట ఇచ్చి ఉన్నారు. ఆయనకు హైదరాబాదు కార్యాలయం ప్రమోషన్ ఇస్తామని మాట ఇచ్చింది. పైవాళ్లకు కావలసింది ప్రమాదాల లెక్కలో ఒక సున్నా. అది గాయాలు ఆపితే వచ్చిందా, దాచితే వచ్చిందా అని అడిగినవాడికి ఏ బహుమతీ లేదు. మాలో పుట్టుకతో క్రూరులెవరూ లేరు. తోటిమనిషిని తొక్కినవాడికి మెట్టు దొరికే ఏర్పాటు ఒకటి ఉంది. చదువుకున్నదాన్ని, ఆ ఏర్పాటు స్వరూపం నాకు తెలుసు. తెలిసే ఎక్కాను.

తొమ్మిదో రోజుకు కుళ్లు పిక్కకు పాకింది. బస్సులో గుంటూరు తీసుకెళ్తే కాలు మోకాలి పైదాకా తీసేశారు. నష్టపరిహారం కోసం వెంకమ్మ ఆఫీసుకు వెళ్తే, మేనేజరు మర్యాదగానే నా రాత చూపించి పంపించారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ ముఠాలన్నీ గనిలోనే, నా గదికి మాటలు వినపడేంత దగ్గరలో కూర్చున్నాయి. ముందు పర్మనెంటు కానిచ్చి తర్వాత పోట్లాడదామన్నాడు పుల్లయ్య.

"తర్వాత ఏం మొహం పెట్టుకుని పోట్లాడతావు మావా?" అంది వెంకమ్మ. "దాని కాలు బండ తియ్యలా. నేను తీశా. నేనే పోయి చెప్తా."

బండలకు తూట్లు వేసే జాన్ సాహెబ్ తన ముఠాలోనూ రెండు గాయాలు దాచామని ఒప్పుకున్నాడు. "నువ్వొక్కదానివే చెప్తే నిన్నొక్కదాన్నే గెంటుతారు చెల్లే. అందరం చెప్తే ఎవర్ని గెంటుతారు?"

చాలాసేపు వాదులాడుకున్నారు. తలలు వంచుకునే ఒప్పుకున్నారు.

బహుమతి రోజున హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చారు. పుల్లయ్య ముఠాను వేదిక మీదికి పిలిచారు. వెంకమ్మ మైకు అందుకుంది. "మా నాంచారమ్మ కాలు గనిలోనే పోయింది. మేమే దాచాం. మాకీ పర్మనెంటు వద్దు. దాని దెబ్బ గని దెబ్బని రాయండి."

కింద జాన్ సాహెబ్ లేచి నిలబడ్డాడు. అతని వెనక, ఇన్నాళ్లూ దాచుకున్న చేతులు ఒక్కొక్కటే పైకి లేచాయి. కొన్నిటికి వేళ్లు లేవు. అలా రాసేదాకా కదలమని అందరూ వేదిక ముందు బైఠాయించారు.

మేనేజరు నన్ను పిలిచారు. "సిస్టర్, పుస్తకంలో సంతకం మీదే కదా?"

"నాదే. ఆ రాత అబద్ధం," అన్నాను. అందరి ముందూ ఆ వాక్యం కొట్టేసి, నిజం రాసి, మళ్లీ సంతకం చేశాను. పన్నెండు రోజుల క్రితం అబద్ధం రాసిందీ ఆ కలంతోనే.

పోలీసు లారీ గురజాల నుంచి వచ్చింది. సభ చెడగొట్టారని పంతొమ్మిది మందిని ఎక్కించారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు; నేనే ఎక్కాను. బల్ల మీద వెంకమ్మ పక్కన చోటుంది. ఆమె కొంగు సర్దుకుంది కానీ కూర్చోమనలేదు.

"అట్టనే నిలబడమ్మా," అంది. "రేపు కోర్టులో కూడా అట్టనే నిలబడి చెప్పు. నీ తర్వాత నేను చెప్తా. నా తర్వాత వీళ్లంతా."

గురజాల దాకా నిలబడే వెళ్లాను.