కెప్టెన్ మగ్గు

దుప్పటి నడుమును గడ్డం కింద నొక్కిపెట్టి, కొసలు రెండూ బారజాపి పట్టుకుని ఒక్క విదుపు విదిల్చాడు కెప్టెన్. ఆ గాలికి గోడమీది క్యాలెండర్లో రెండు నెలలు ఎగిరిపోయాయి. ఆస్పత్రి లాండ్రీలో పనంటే అలాగే ఉంటుంది మరి. నాలుగు మడతలు, అడ్డంగా ఇంకొకటి. అతను పేర్చిన దొంతర కత్తితో కోసినట్టుంటుంది.

యాభై మూడేళ్ళుంటాయి. పొట్టి మనిషి. మెడ ఆవిరికి ఉడికి ఎర్రబడింది, వేళ్ళ సందుల్లో చర్మాన్ని సబ్బు తినేసింది. పదకొండేళ్ళ కిందట ఈ పనిలో చేరాడు. వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళు ఓడలో పనిచేశానని చేరిన వారంలోనే చెప్పాడు. అప్పటినుంచీ అందరికీ కెప్టెనే.

ఆ ఓడ కథలు వినాలి! కాళ్ళు చాపితే గోడ తగిలే గది. ఇనుప తలుపులు. కిటికీలోంచి పిడికెడు ఆకాశం. తిమింగలం తుమ్మితే వంటవాడి టోపీ ఎగిరిపోయి, నాలుగో రోజున ఇంకో రేవులో దొరికిందట. పొద్దునా సాయంత్రం గంట కొట్టి తలలు లెక్కపెట్టేవారట.

“తలలెందుకయ్యా లెక్కపెట్టడం?” అని మెషీన్ల దగ్గరుండే బావగారు ఓసారి అడిగాడు.

“ఎవడైనా నీళ్ళలోకి దూకాడేమోనని బావా.”

సాక్ష్యం కావాలంటే గోడకి మేకు ఉంది, మేకుకి సత్తు మగ్గు ఉంది, మగ్గు అడుగున 417 అని గుద్దిన అంకె ఉంది. అది ఓడ నంబరట. బట్టలు ఇస్త్రీ చేసే అక్కకైతే ఎంత విన్నా తనివి తీరేది కాదు. “ఆ గది సంగతి ఇంకోసారి చెప్పు తమ్ముడూ” అని రోజూ అడిగేది.

పదకొండింటికి ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. కెప్టెన్ వెళ్ళి తలుపు ముందు నిలబడ్డాడు. మూసిన తలుపును తనే తోసుకోవచ్చన్న సంగతి అతని చేతికి ఇప్పటికీ చప్పున గుర్తురాదు. లోపలినుంచి ఎవరో వస్తూ తీస్తే అప్పుడు వెళ్ళాడు.

గుమాస్తా తల ఎత్తలేదు. “కూర్చోండి. పోలీసుల దగ్గర్నుంచి మీ కాగితం వచ్చింది.”

కెప్టెన్ సముద్రం మొహం ఎన్నడూ చూడలేదు. ఇరవై మూడేళ్ళప్పుడు జేబులో ఒక పొట్లం దొరికింది. మత్తుకి మరిగిన రోజులవి. చేతిలో బరువే తెలియని ఆ పొట్లం కోర్టులో మూడేళ్ళు తూగింది. విడుదలైన రోజున అన్నయ్య గుమ్మంలోనే ఆపి, “ఆడపిల్లలున్న ఇల్లురా” అన్నాడు. అంతే, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఒక అద్దె గది, ఒక మంచం, నాలుగు మడతల దుప్పటి. అక్కడ అతను నోరు విప్పితే వినడానికి గోడలు తప్ప ఎవరూ లేరు.

“శిక్ష అయిపోయి ముప్పై ఏళ్ళు కావస్తోందండీ” అన్నాడు.

“కాగితంలో ఉంది కదా. మందులుండే చోట మత్తు కేసున్నవాళ్ళని పెట్టుకోకూడదని కొత్త నిబంధన.”

“నేను ఉతికేది దుప్పట్లండీ.”

గుమాస్తా గొంతు తగ్గించాడు. “అర్జీ పెట్టుకోండి. విచారణ చేస్తారు, మీతో పనిచేసేవాళ్ళని పిలిచి ఇలా కేసు ఉంది, ఏమంటారని అడుగుతారు. నిలబడినా నిలబడొచ్చు. కాదంటే మీరే మానేస్తున్నట్టు రాసివ్వండి, ఇది నా సొరుగు దాటదు.”

అక్కని పిలుస్తారు. బావని పిలుస్తారు. ఉద్యోగం నిలబడవచ్చు, ఓడ మాత్రం మునుగుతుంది. కెప్టెన్ కలం అడిగి సంతకం పెట్టాడు.

తిరిగొచ్చి మిగిలిన దుప్పట్లన్నీ మడతపెట్టాడు. మూడింటికి చేతులు తుడుచుకుని, “ఓడ నుంచి కబురొచ్చింది. మళ్ళీ రమ్మంటున్నారు” అన్నాడు.

“ఈ వయసులోనా? తెడ్డు ఎత్తగలవా?” బావ పకపక నవ్వాడు.

“తెడ్డు మిగతావాళ్ళు ఎత్తుతారు. కెప్టెన్ మీసం ఎత్తితే చాలు.”

అక్క నవ్వలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, వెనక తలుపుదాకా అతని వెంట వచ్చింది. అక్కడ మేకుమీది మగ్గుకోసం అతను చెయ్యి చాపాడు.

“దాన్ని ఉండనీ” అంది మెల్లగా. “మా తమ్ముడూ అలాంటిదే తెచ్చుకున్నాడు, అడుగున నంబరుతో. వాడు ఓడెక్కలేదు.”

చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. “ఎప్పట్నుంచి తెలుసక్కా?”

“నువ్వు దాన్ని తగిలించిన రోజునుంచి.”

“మరి రోజూ అడిగి అడిగి చెప్పించుకున్నావే?”

“లోపల ఎలా ఉండేదో వాడు ఒక్క ముక్క చెప్పకుండానే పోయాడు తమ్ముడూ. నువ్వు చెప్పావు.”

పైన ఆఫీసులో సంతకం ఆరిపోయి నాలుగు గంటలైంది. కెప్టెన్ తల ఊపి, తలుపువైపు తిరిగి నిలబడ్డాడు. అక్క ఒక క్షణం చూసి, తనే ముందుకొచ్చి తలుపు తోసింది. అతను ఎండలోకి దిగి, గోడవారగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపల మెషీన్లు తిరుగుతున్నాయి. ఆవిరి పట్టిన మగ్గు మేకుకి వేలాడుతోంది, అడుగున 417 మీద చేరిన చెమ్మ అంచుదాకా జారి ఒక్కొక్క చుక్కే కింద పడుతోంది.