నల్లపిల్లల తోళ్ళు

ఖలీఫా తరఫున పన్నులు వసూలు చేసే ఆమిల్ మనుషులు దొడ్డి తడిక పీకేసి లోపలికి వచ్చినప్పుడు ఇత్తో తన చూలు గొర్రె మెడ కావలించుకుని కూర్చుని ఉంది. ఒకడు ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చాడు. ఇంకొకడు గొర్రె పొట్ట చీల్చాడు. లోపలి పిల్లను బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి ఉన్ని రంగు చూశాడు. నలుపు. విసిరేసి తర్వాతి గొర్రె మీదికి పోయాడు.

వాళ్ళకు కావలసింది తేనె రంగు. ఇంకా పుట్టని పిల్ల తోలు వెన్నలా ఉంటుంది. అది తేనె రంగుదైతే దమస్కస్‌లో ఖలీఫా కొలువువాళ్ళు చలి అంగీలు కుట్టించుకుంటారు. మందంతా కోస్తే ఒకటి దొరకడం గొప్ప. ఆ ఒక్కదానికోసం మందంతా కోశారు. కరువులో చెప్పులు ఉడకేసుకు తిన్నా చూలు గొర్రె మీద కత్తి పెట్టని జనం ఆ పడమటి కొండలవాళ్ళు. పెట్టినవాడి చేతి రొట్టె ఆ కొండల్లో ఎవరూ ముట్టరు. ఇప్పుడు అదే కత్తి ఖలీఫా పేరు చెప్పుకుని దొడ్లోకి వచ్చింది.

దొడ్డి గుంజకు ఓ తోలు సంచి వేలాడుతోంది. పచ్చితోలును కట్టెలా ఎండబెట్టి, లోపల గులకరాళ్ళు పోసి, నక్కలు బెదరడానికి కట్టే సంచి. గాలి వీచి అది గలగలమంది. ఆమిల్ ఎక్కిన గుర్రం బెదిరి వెనక్కాళ్ళ మీద లేచింది. ఆమిల్ వెళ్ళి పేడలో పడ్డాడు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. ఇత్తో మాత్రం కన్నీళ్ళలోంచే చూసింది.

ఆమిల్ లేచి సంచిని తెంపించి తొక్కించాడు. "పై మేతలో ఇంకో మంద ఉందట కదా. అవి ఈనకముందే వస్తాం. దాచారో, గొర్రెలకు బదులు మీ ఆడపిల్లల్ని తోలుకుపోతాం" అన్నాడు.

ఊరికి మిగిలింది ఆ పై మందే. అదీ పోతే చలికాలంలో పసివాళ్ళకు పాలుండవు, కప్పుకోవడానికి ఉన్ని ఉండదు. మంచు కరిగేనాటికి ఊళ్ళో సగంమంది కూడా మిగలరు.

మర్నాడు ఇత్తో పారేసిన నల్లపిల్లల తోళ్ళన్నీ ఏరి బండల మీద ఆరేసింది. కుక్కలపాలు చేయడానికి మనసొప్పలేదు. ఉన్ని గొరిగే హద్దూ అటు పోతూ ఆగాడు.

"ఏందే ఇత్తో, నువ్వు గూడ ఖలీఫాకు అంగీ కుడుతున్నవా?"

"నీ నోరు కుడతా. పో."

ఊరికి ఒక్కటే ఆశ, ఇత్తో అన్న మెన్నాద్. కొండ తెగలన్నీ తమ గోడు చెప్పుకోవడానికి దమస్కస్ పంపిన వాళ్ళలో ఆయన ఒకడు. "ఖలీఫాకు ఎరుక లేక గానీ, తెలిస్తే ఆ ఆమిల్ గాని తోలే ఒలుస్తడు" అని నమాజు చేయించే ముసలి యెద్దార్ పూటపూటా చెప్పేవాడు. కంచే చేను మేస్తోందని ఆసామితో చెప్పుకుంటే చాలనుకున్నారు, పాపం. ఆ మేత ఆసామి ఇంటికే చేరుతోందని ఎవరికి తోస్తుంది?

మెన్నాద్ వచ్చాడు. ఎముకల గూడై వచ్చాడు. కళ్లంలో ఊరంతా మూగింది. ఇత్తో మజ్జిగ ఇస్తే గటగటా తాగాడు.

"ఏమన్నడు బిడ్డా, ఖలీఫా?" అని యెద్దార్ అడిగాడు.

"కనవడనే లేదు తాతా. దర్వాజ కాడ కూసున్నం. ఎండలు పోయినయ్, చలి వచ్చింది. మా గోడు లోపలికి చెప్పి పంపినం. పోయిన మాట పోయినట్టే ఉన్నది."

"అయితె ఆయనకు ముట్టలేదన్నట్టు..."

"ముట్టింది తాతా! మాట ముట్టలే, తోళ్ళు ముట్టినయ్. ఆఖరికి మేం తిరిగొస్తుంటె కావలోడు అడిగిండు, పడమటి కొండలోళ్ళా అని. అవునన్నం. వాని మొకం చాటంతయింది. 'మీ పిల్లతోళ్ళు మస్తుంటయ్. లోపలోళ్ళందరు అవే తొడుగుతున్నరు. ఈ యేడు ఇంకిన్ని పంపుమని చెప్పుర్రి, చలి బాగున్నది' అన్నడు."

యెద్దార్ కర్ర పట్టుకునే నేలమీద కూలబడ్డాడు.

"మంద తోలుకొని అడివిల వడుదాం" అన్నాడు హద్దూ.

"ఎన్ని అడవులు తిరుగుతవ్?" మెన్నాద్ లేచాడు. "పక్క లోయల గూడ ఇదే కత్తి. తొవ్వంట అన్ని ఊర్లు చూసుకుంటనే వచ్చిన. కొండలన్ని లేస్తున్నయ్. తల గొరిగించుకున్నోడు మనోడు. అదే గుర్తు."

"ఖలీఫా మీద కర్ర లేపుతవా?" యెద్దార్ అరిచాడు. "అది దీనుకు, మన మతానికే ఎదురు తిరుగుడు బిడ్డా!"

"తాతా," అంది ఇత్తో. "వాళ్ళు, మనం ఒక్క వరుసల నిలవడి నమాజు చేస్తిమి గదా. సలాం చెప్పి లేసినంక వాళ్ళు కోసేటోళ్ళు, మనం గొర్రెలం ఎట్లయినం? చూలు గొర్రెను కొయ్యిమని ఏ దీను చెప్పింది? నువ్వు చదువుకున్నవ్. చెప్పు."

ముసలాయన చదివింది గొణుక్కుంటూ ఇంటిదారి పట్టాడు.

"మాటలకేంది, మస్తుగున్నయ్" అన్నాడు హద్దూ. "దేనితోటి కొడుదామక్కా? వాళ్ళకు గుర్రాలున్నయ్, ఇనుప అంగీలున్నయ్. మనకున్నది ఈ గొర్రెకత్తెర."

ఇత్తో ఇంట్లోకి పోయి ఎండిన నల్లతోలు ఒకటి తెచ్చింది. కళ్లం పక్కనున్న గులకరాళ్ళు గుప్పెడు పోసి, మూతి కట్టి, హద్దూ చెవి దగ్గర గట్టిగా ఊపింది. హద్దూ ఎగిరిపడ్డాడు.

"ఆమిల్ ఎట్ల వడ్డడో మరిచినవా తమ్మీ?"

ఆనాడు దొడ్డి దగ్గర బిగబట్టిన నవ్వు అప్పుడు బయటపడింది. కళ్లమంతా నవ్వింది. నవ్వేవాళ్ళను ఏ ఆమిలూ భయపెట్టలేడు. ఆడవాళ్ళు సూదులు తెచ్చారు, పిల్లలు వాగులోకి రాళ్ళకు పరిగెత్తారు, హద్దూ కత్తెర నూరాడు. కుట్టిన సంచుల్లో ఒకదాన్ని మెన్నాద్ పక్క లోయకు పంపాడు.

మగవాళ్ళందరి తలలూ హద్దూ గొర్రెకత్తెరతోనే గొరిగాడు. చివరికి కర్ర పొడుచుకుంటూ యెద్దార్ వచ్చి కూర్చున్నాడు.

"చదివిందంత నెమరేసుకున్న బిడ్డా. చూలు గొర్రెను కొయ్యిమని యాడ లేదు. నాది గూడ గొరుగు."

"గొర్రె బొచ్చే నయం తాతా, నీది కత్తెరకు వశమైతలేదు" అన్నాడు హద్దూ, కళ్ళు తుడుచుకుంటూ.

పై మేతకు దారి ఒక్కటే, రెండు కొండల నడుమ ఇరుకు సందు. ఆమిల్ రౌతులు పొద్దెక్కాక ఒకరి వెనక ఒకరు అందులోకి వచ్చారు. ముందువాళ్ళు సందు చివరికి చేరగానే మెన్నాద్ చెయ్యెత్తాడు.

రెండు కొండల మీదా ఊరు ఊరంతా లేచి నిలబడింది. నల్లపిల్లల తోళ్ళన్నీ ఒక్కసారిగా గర్జించాయి. సందు ఆ చప్పుణ్ణి పదింతలు చేసి కింద కుమ్మరించింది. గుర్రాలకు పిచ్చెత్తింది. ముందువి వెనక్కి తిరిగాయి, వెనకవి ముందువాటి మీద పడ్డాయి. ఇనుప అంగీలవాళ్ళు కిందపడి లేవలేకపోయారు. పైనుంచి వడిసెల రాళ్ళు కురిశాయి. ఆమిల్ తన గుర్రాల డెక్కల కిందే నలిగిపోయాడు.

వాళ్ళ విలుకాడు ఒకడు పడినచోటనుంచే బాణం వదిలాడు. బండ చాటుకు పొమ్మని ఎంత మొత్తుకున్నా వినకుండా అంచున నిలబడి సంచి ఊపుతున్న యెద్దార్ గుండెలో అది దిగింది. ఇత్తో పరిగెత్తి ఒళ్ళోకి తీసుకుంది.

"దీను తప్పలేదు గదా బిడ్డా?"

"తప్పలేదు తాతా. నువ్వే నిలవెట్టినవ్."

ఆయన చేతిలోని సంచి ఇంకా సన్నగా మోగుతోంది. ఇత్తో బిగ్గరగా ఏడ్చింది.

పై మేతలోనే ఆయన్ను పూడ్చారు. మెన్నాద్ ముందు నిలబడి నమాజు చేయించాడు. వెనక వరుసల నిండా గొరిగిన తలలే. నమాజు ముగియకముందే మందలో ఒక గొర్రె ఈనింది. తేనె రంగు పిల్ల. తడితడిగా, మోకాళ్ళ మీద పడుతూ లేస్తూ, అది తల్లి పొదుగు వెతుక్కుంది. ఇత్తో కొంగుతో దాని ఒళ్ళు తుడిచింది.

పట్టుబడిన రౌతుల్లో ఒకణ్ణి హద్దూ కట్లు విప్పి తెచ్చాడు. వాడు ఆ పిల్లను చూసి, కొండలోళ్ళను చూసి, తల దించుకున్నాడు.

"పో. దమస్కస్ దాక పో" అన్నాడు మెన్నాద్. "దర్వాజ కాడి కావలోనికి చెప్పు. చలి బాగున్నదన్నడు గదా, పిల్లతోళ్ళు తెస్తున్నం. గులకరాళ్ళు నింపి తెస్తున్నం."

వాడు కొండ దిగుతుండగా ఇత్తో యెద్దార్ సంచి పైకెత్తి ఊపింది. కాసేపటికి పక్క లోయనుంచి అదే చప్పుడు బదులు వచ్చింది.