అద్దం వెనక చెయ్యి

నేను ఒక నిలువుటద్దాన్ని. పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళిరోజు పొద్దున్న, నా గాజుకు లోపలివైపు నుంచి ఒక చిన్నపిల్ల అరచెయ్యి బయటికి నెడుతున్నట్టు కనిపించింది.

అది చెయ్యి అని మొదట గుర్తించింది పెళ్ళికూతురు లహరి. తల తుడుచుకుంటూ నా ముందుకొచ్చి నిలబడింది. చేతిలోని తువ్వాలు జారిపోయింది. ఆమె నడుము ఎత్తున అయిదు వేళ్ళూ నల్లగా, విడివిడిగా ఉన్నాయి. తువ్వాలు తీసి తుడిచింది, పోలేదు. గోరుతో గీకింది. గోరు కీచుమంది తప్ప చెయ్యి చెక్కుచెదరలేదు. అది గాజు మీద లేదు. గాజు వెనక ఉంది.

ఆమె పెట్టిన కేకకు ఆ యానాం మేడలో సగంమంది పరుగెత్తుకొచ్చారు. ఆ చెయ్యి ఎవరిదో అక్కడ ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోవారి సంగతికి తర్వాత వస్తాను.

నేను పుట్టింది ఫ్రాన్సులో. మందపాటి గాజుపలక వీపుకు వెండిపూత పూసి, దాని మీద రంగు పట్టించి, చుట్టూ బంగారునీరు పెట్టిన చట్రం బిగించారు. గడ్డి పరిచిన పెట్టెలో పడుకుని ఓడలో పుదుచ్చేరి, అక్కడినుంచి యానాం వచ్చాను. నన్ను తెప్పించుకున్నది ఒక ఫ్రెంచి వర్తకుడు. రోజూ నా ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చి మురిసిపోయేవాడు, పక్కకు తప్పుకోగానే వదిలేసేవాడు. తర్వాత వచ్చిన యజమానులంతా అదే పని చేశారు. ఒక్కరి గుట్టూ నేను బయటపెట్టలేదు.

వర్తకుడు వెళ్ళిపోతూ మేడనూ నన్నూ ఒక షావుకారుకు అమ్మాడు. షావుకారు మేడను పెళ్ళిళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పసిపిల్లలకు పెళ్ళి చెయ్యకూడదని చట్టం వచ్చింది. యానాం మాత్రం ఫ్రెంచివాళ్ళ ఏలుబడి, ఆ చట్టం ఇక్కడ లేదు. ఇంకేముంది, పడవల్లో, బళ్ళలో నిద్రమొహం పిల్లల్ని ఎత్తుకొచ్చి, ఫ్రెంచి నేల మీద మూడుముళ్ళు వేయించి, సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ళు. ఓడ ఎక్కకుండా ఫ్రాన్సులో పెళ్ళి చేసుకోవడం ఎలాగో మనవాళ్ళు అప్పుడే కనిపెట్టారు.

ఆ పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసేది నా ముందే. చాలామందికి నా కింది అంచులో తల మాత్రం కనిపించేది.

ఒకరోజు నా వీపు మీది చెక్కకు చెదపట్టిందని తీసేసి, నన్ను గోడకు ఏటవాలుగా ఆనించారు. ఆ వెనకసందులోకి ఏడేళ్ళ పిల్ల దూరింది. పాదాలకు అప్పుడే పెట్టిన పారాణి ఆరలేదు, అది చేతికి అంటుకుంది. ఆ తడిచెయ్యి నా వీపుకు అదిమి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎంతసేపు? పందిట్లో సన్నాయి రెండు కీర్తనలు వాయించేంతసేపు. ఎవరో చూపించారు. ఎవరో వచ్చి లాక్కుపోయారు. మర్నాడు ఆ చేతిగుర్తును ఎవరూ చూడకుండానే కొత్త చెక్క బిగించేశారు.

పారాణిలో సున్నం ఉంటుంది. అది నా వీపును నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. పదేళ్ళకు మచ్చ తేలింది. ముప్ఫై ఏళ్ళకు వేళ్ళు తేలాయి. షావుకారు కొడుకు భయపడి, పెయింటరును పిలిపించి, దాని మీద గులాబీతీగ వేయించాడు. అప్పటినుంచి ఆ చెయ్యి పూల చాటున ఉంది.

ఇక లహరి విషయం. రామచంద్రపురంలో బియ్యంమిల్లున్న త్రిమూర్తులు కూతురు. పారిస్‌లో కేకులూ రొట్టెలూ చెయ్యడం నేర్పే బడిలో ఆమెకు సీటొచ్చింది. పెళ్ళి పెట్టిన వారంలోనే ఆ ప్రయాణం. పెళ్ళి వద్దని ఆమె ఎన్నిసార్లు చెప్పినా త్రిమూర్తులుది ఒకటే మాట.

"ఫ్రాన్సే కదా నీక్కావాల్సింది? ఇక్కడికే తెస్తా. కళ్ళారా చూసి తాళి కట్టించుకో."

తెచ్చాడు కూడా. డెకరేషన్ ఫెలిక్స్‌కు కబురెళ్ళింది. అతను వెదురుతో ఇరవై అడుగుల ఈఫిల్ టవరు లేపాడు. లావెండరు దొరక్క జొన్నకంకులకు ఊదారంగు కొట్టించాడు. పూతరేకులకు పట్టురిబ్బను కట్టించి పారిస్ మిఠాయి అని చీటీ పెట్టించాడు. అన్నిటికీ మించి, ముందురోజు మధ్యాహ్నం బ్లేడు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అసలైన ఫ్రెంచి సరుకండీ ఇది! మనోడెవడో పైన గులాబీలు పులిమేశాడు. గీకేస్తే మెరిసిపోద్దండి."

సబ్బునీళ్ళు రాసి గీకేశాడు. నురగలోంచి చెయ్యి బయటికొచ్చింది. సబ్బుమరక అనుకుని, నన్ను గోడకు ఏటవాలుగా ఆనించి, గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు. పెళ్ళిరోజు పొద్దున్న ఆ గుడ్డ తీసింది లహరే.

పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అన్నయ్యగారూ, ఇదేం అపశకునమండీ! ఎవరైనా చేయించారేమో కనుక్కున్నారా?"

"చేయించడమేంటి చెల్లెమ్మగారూ, పాతద్దం, మచ్చ పడింది. ఒరే ఫెలిక్సూ! దండేసి కప్పెయ్యరా!"

"పెద్దదండ గుమ్మానికి కట్టేశామండి. ఇది చిన్నదండి, వేళ్ళు కనపడిపోతన్నాయండి."

"అయితే ఆ వేళ్ళకి ఉంగరాలు పెట్టు! కప్పమంటే కప్పవేంరా!"

గొడవంతా గదిమూల కుర్చీలో కూర్చున్న ఒక మనిషి చూస్తున్నాడు. త్రిమూర్తులు తండ్రి అబ్బులు. ఎనభయ్యారేళ్ళవాడు. ఒళ్ళో మందులసంచి. ఆ సంచిలోనే లహరి పాస్‌పోర్టు ఉంది. కూతురు బీరువాలు వెతుకుతుంది గాని తాత మందుల్లో వెతకదని త్రిమూర్తులే అక్కడ పెట్టాడు. అబ్బులు చూపు నా మీదనుంచి కదలలేదు. పెదవులు ఏదో పేరు పలుకుతున్నాయి.

ముహూర్తం పదీ నలభైకి. పదింటికి ఆడవాళ్ళు గౌరీపూజ సామాను కోసం కిందికి వెళ్ళారు. గదిలో తాతా మనవరాలూ మిగిలారు. లహరి నా ముందుకొచ్చి, దండ పక్కకు జరిపి, తన అరచెయ్యి ఆ చిన్నచేతికి ఎదురుగా ఆనించింది. నా గాజు చల్లగా ఉంటుంది. ఆ ఒక్కచోట మాత్రం వెచ్చగా ఉంది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. లహరి చుట్టూ చూసింది. పారిపోవడానికి వరండా నిండా చుట్టాలే. చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నా వెనకసందులోకి దూరింది.

నా వీపుకు ఒక ఊపిరి తగిలింది. కాసేపటికి దాని పక్కనే, ఇంకొంచెం కిందుగా, మరొకటి తగిలింది. ఆ సందులోకి వెళ్ళింది ఒక్కరే. ఊపిరులు మాత్రం రెండు. నేను అద్దాన్ని, లేనిది చెప్పడం నాకు రాదు.

త్రిమూర్తులు లోపలికొచ్చాడు. పెళ్ళికూతురి ఖాళీ కుర్చీ, కింద పడిన బాసికం చూశాడు.

"నాన్నా, అమ్మాయేది?"

అబ్బులు కూర్చున్న చోటికి నా చట్రం పక్కనుంచి లహరి చీరంచు చక్కగా కనిపిస్తోంది. ముసలివేలు మెల్లగా లేచింది. ఆ వేలు నాకు తెలుసు. అప్పుడది చిన్నది. గాలిలో నా వైపు తిరిగింది. నా వెనక రెండు ఊపిరులూ ఆగిపోయాయి.

"నాన్నా, నిన్నే! పిల్లేది?"

వేలు నన్ను దాటింది. కిటికీ దగ్గర ఆగింది.

"రేవు కాడికి. పెరట్లోంచి పరిగెట్టింది."

పెళ్ళివారంతా గోదావరి రేవుకు పరుగెత్తారు. మేడ ఖాళీ అయింది. లహరి బయటికొచ్చేసరికి తాత పాస్‌పోర్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈధి గుమ్మంలోంచి పో, అమ్మలూ. ఎనక్కి చూడకు," అన్నాడు. ఆమె ఆయన చేతులు కళ్ళకు అద్దుకుని వెళ్ళిపోయింది.

అరగంట తర్వాత త్రిమూర్తులు ఫెలిక్స్ కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"నీ వేన్లోనే ఎల్లిందంట కదరా! ఎంతిచ్చింది నీకు? పోలీసుల్ని పిలవండి!"

"అయ్ బాబోయ్, నాకేం తెల్దండి! నేను టవరు మీదున్నానండి!"

మేడవాళ్ళు వదిలించుకుంటే, నేనిప్పుడు ఫెలిక్స్ గోదాములో, ఆ వెదురు టవరు పక్కన ఉన్నాను. చేతిముద్ర ఉన్న అద్దాన్ని ఎవరూ అద్దెకు అడగరు. సాయంత్రం పూట నా వెనక ఒక ఊపిరి వినిపిస్తుంది, ఒక్కటే. దానికోసం, ఆ రోజు అబ్బులు కుర్చీలోంచి లేచి అన్న మాటలు నాలో నేను చెప్పుకుంటూ ఉంటాను. ఆయన అన్నవి అన్నట్టే:

"ఆణ్ణి వొదిలెయ్యి, త్రిమూర్తులూ. చేసింది నేను. పాసుపోర్టు ఇచ్చింది నేను, పంపించింది నేను. ఆ చెయ్యి ఎవరిదని పొద్దున్నించీ అడుగుతున్నారుగా? మా చెల్లిదిరా. బుల్లెమ్మ. నీకో మేనత్త ఉండేదని ఇంతకాలం నీకు చెప్పలేకపోయాను. ఏడేళ్ళ పిల్లని ఈ గదిలోనే పెళ్ళికూతుర్ని చేశారు. ఈ అద్దం ఎనకాలే దాక్కుని, 'అన్నాయ్, చెప్పకు' అని సైగ చేసింది. మా నాన్న జీళ్ళపొట్లం చూపించి, 'చెల్లేదిరా' అన్నాడు. ఏలెత్తి చూపించాను. ఆ జీళ్ళు తింటానే దాని పెళ్ళి చూశాను. ఆర్నెల్లకి అత్తోరింట్లో చచ్చిపోయింది. ఏం జొరమో కూడా ఎవరూ చెప్పలేదు. ఇందాక నువ్వొచ్చి, అచ్చం మా నాన్న గొంతుతోనే అడిగావురా. ఏలు దానంతటదే లేచింది, అద్దం దాకా ఎల్లింది కూడా. దాన్ని కిటికీ వైపు తిప్పడానికి నాకు డెబ్భయ్యారేళ్ళు పట్టింది."